వంతు నీళ్లు

మద్రాసు,
8 డిసెంబరు 1940

అత్తమ్మా,

నీ రాజమణి దండాలు. విశ్వేశ్వర్ సేటు చేత నువ్వు రాయించిన ఉత్తరం నిన్న అందింది. మా హాస్టల్లో ఉత్తరాలు భోజనాల గంటకు కొంచెం ముందు పంచుతారు. నీ ఉత్తరం చదువుకుంటూ కూర్చుంటే చారు అయిపోయింది. దానికి పెద్ద బాధ లేదు, ఇక్కడి చారులో కారమే ఉండదు. పక్క గది గుంటూరు పిల్లకు ఇంటినుంచి పచ్చడి వస్తుంది. అదే మా ఇద్దరినీ బతికిస్తోంది. నేను "మస్తుగున్నది" అంటే ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్వుతుంది, నవ్వి ఇంకొంచెం వడ్డిస్తుంది.

జల్‌పల్లి తోటలో వంగ మొక్కలు మధ్యాహ్నానికి తలలు వేలాడేస్తున్నాయని రాయించావు. కింది ఆకులు పసుపురంగు తిరిగి రాలుతున్నాయని, వాడినప్పుడల్లా నీళ్లు పెడుతున్నా లేవడం లేదని. ఉగాదికి కూడా తోట ఇలాగే ఉంటే కౌలు పక్క మడి దుర్గయ్య మామకు ఇచ్చేస్తానని దేవిడి దొరల తరఫున మున్షీ వచ్చి చెప్పి పోయాడని చదివేసరికి నాకు ఆ రోజు పాఠం తలకెక్కలేదు. పోయినేడు మిరప పోయింది. ఈ వంగ కూడా పోతే ఆయన ఊరుకోడు. మామయ్య పోయాక నీకు ఆ తోటే దిక్కు. నేల దేవిడి వాళ్లదే కావచ్చు, దాన్ని నేలగా చేసింది నువ్వు.

ఒక పని చెయ్యి. బాగా వాడిన మొక్క ఒకటి, బాగున్న మొక్క ఒకటి వేళ్లు తెగకుండా తవ్వి తియ్యి. వేళ్ల రంగు ఏమిటి, పొడవెంత, వాసన ఎలా ఉంది, సేటుగారితో రాయించు. మొక్కకు ఏమైందో ఆకు చాలా ఆలస్యంగా చెబుతుంది.

టపా వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడే
నీ మేనకోడలు
రాజమణి


మాదన్నపేట,
17 డిసెంబరు 1940

బిడ్డా రాజమణీ,

సేటు చదివిండు, నేను విన్న. నీ తెలుగు వింటె పంతులు పురాణం చెప్పినట్టున్నది. నేను చెప్పింది చెప్పినట్టె రాయమన్న సేటును, ఆ తీరుగ దిద్దొద్దన్న. (రాస్తున్నమ్మా. ఒక్క అక్షరం దిద్దినా కొట్లకెల్లి కదలనని కూసున్నది. — విశ్వేశ్వర్)

మీ బాపు, బర్లు అందరు మంచిగున్నరు. చూడి బర్రె ఈనింది. దుడ్డె పుట్టింది.

నువ్వన్నట్టు తవ్వి తీసిన. గట్టు పొంటి మంచిగున్న మొక్కకు వేర్లు తెల్లగ, జానెడు పొడుగు, సన్న సన్న పీచులు. పల్లం మడిల వాడిన మొక్కకు పొట్టిగ, గోధుమ రంగు. పట్టుకుంటె తోలు ఊడొచ్చింది. వాసన అడిగినవు గదా, మోరి వాసన, మురిగిన నీళ్ల కంపు. సేటు ముంగట పెడితె మొఖం తిప్పుకుండు. (శెనగపప్పు బస్త మీద పెట్టింది. తిప్పుకోనా?)

దూప అయితె మొక్క వాడతది, నీళ్లు పెడ్తం. ఆకలైనోనికి బువ్వ పెట్టినట్టె. వంతు వచ్చినప్పుడల్ల గట్టు తాకేదాంక మడి నింపుతున్న. నీరడి మల్లన్న కుంట తూము ఇప్పంగనే మొదలు నాకే మళ్లిస్తడు. ఒక్క వంతు విడిచింది లేదు. అయినా వాడుతున్నయంటె, ఆ నీళ్లు సాలుతలేవేమో. దుర్గయ్య గట్టు మీద కూసోని, "బుచ్చమ్మక్కా, నీ వంకాయలు ఈత నేర్సినయా?" అంటడు. వాని పండ్లు రాలగొట్టాలె.

వేరుకు ఏం మందు పొయ్యాలె? జల్ది రాయి.

బుచ్చమ్మ చెప్పంగ
రాసింది విశ్వేశ్వర్


మద్రాసు,
26 డిసెంబరు 1940

అత్తమ్మా,

మందు ఏదీ పొయ్యకు. నీళ్లు కూడా పొయ్యకు.

నువ్వు రాయించిన వేళ్ల సంగతి మా ప్రొఫెసరమ్మకు చదివి వినిపించాను. మోరి వాసన అనగానే ఆమె చేతిలో పెన్ను కింద పెట్టింది. నాకు అర్థమైనంత వరకు చెబుతాను, ఓపికగా విను.

మట్టి రేణువుల మధ్య సందులుంటాయి. ఆ సందుల్లో కొంత నీరు, కొంత గాలి ఉంటాయి. వేరు మనలాగే గాలి పీల్చి వదులుతుంది. కంటికి కనిపించని జీవాలు మట్టినిండా ఉన్నాయి, అవీ అంతే. అవన్నీ కలిసి వదిలిన గాలి నేలలోంచి పైకి వస్తూ ఉంటుంది. అది నేల ఊపిరి. మడిలో నీళ్లు నిలిచిపోతే సందులన్నీ మూసుకుపోతాయి. మనది నల్లరేగడి, నీటిని తొందరగా వదలదు. వేరుకు ఊపిరాడదు. ఊపిరాడని వేరు కొత్త పీచు వెయ్యలేదు, నీళ్లు తాగలేదు. అందుకే మొక్క నీళ్లలో నిలబడి దూపతో వాడిపోతోంది. నువ్వు దూప చూసి ఇంకా పోస్తున్నావు.

ఊరికే పుస్తకంలో ఉందని చెప్పడం లేదు. రెండు కుండీల్లో మట్టి నింపాను. ఒకదాన్ని తడిగా ఉంచాను, రెండోదాన్ని బురద చేశాను. ఒక్కోదాని మీద చిన్న గిన్నెతో సున్నపుతేట పెట్టి గాజు మూత బోర్లించాను. నేల ఊపిరి తగిలితే సున్నపుతేట పాలలా తెల్లబడుతుంది. తడి మట్టి మీది గిన్నె తెల్లబడింది. బురద మీది గిన్నె తేటగానే ఉండిపోయింది. ఆ గిన్నె చూస్తుంటే నాకు మన పల్లం మడే కనిపించింది.

కాబట్టి రాబోయే రెండు మూడు వంతులు వదిలెయ్యి. వద్దని మల్లన్నకు చెప్పు. ఆ నీళ్లు దుర్గయ్య మామ మడికి పోనీ.

దుడ్డెకు ఏం పేరు పెట్టారు? రాయించు.

నీ తోట గురించే చదువుతున్న
రాజమణి


మాదన్నపేట,
7 జనవరి 1941

రాజమణీ,

సేటు నీ ఉత్తరం చదువుతుంటె నడిమిట్ల ఆపమన్న. "దుర్గయ్య మామ మడికి పోనీ" అన్న మాట మళ్ల చదవమన్న. చదివిండు. గదే ఉన్నది.

ఈ మాట నీది గాదు. మొన్ననే దుర్గయ్య అన్నడు, "అక్కా, నీకు నీళ్లు ఎక్కువైతున్నయ్, నీ వంతు నాకియ్యరాదు" అని. అదే మాట ఇప్పుడు మద్రాసు కెల్లి వచ్చింది. వాడు నీకు రాయించిండా? నిజం చెప్పు.

మీ మామ పోయిన యేడు నువ్వు చిన్నపిల్లవు. "మొగదిక్కు లేని మడికి వంతేంది" అన్నరు వీళ్లంత. నేను పోయి తూము కాడ బండ మీద కూసున్న. మల్లన్న "లే అక్కా" అంటె లెవ్వలే. మీ బాపు వచ్చి లెమ్మంటె లెవ్వలే. ఎండకు కూసున్న, వానకు కూసున్న. "నా మడికి మళ్లిస్తెనే లేస్త" అన్న. మళ్లిచ్చిండ్రు. గా వంతు ఇది. అక్కడి కట్టు ఏందో నీకెరుకేనా? వంతు విడిస్తె అక్కర లేదన్నట్టు లెక్క. విడిచింది పక్కోనిదైతది. మళ్ల రాదు.

నిన్ను బడికి పంపాలని మీ బాపుతోని కొట్లాడిన. చదివిన బిడ్డ నా వంతు వేరేటోనికియ్యమంటది. మంచిగున్నది.

దుడ్డెకు పేరు పెట్టలే.

బుచ్చమ్మ

(అమ్మా, మస్తు కోపంల ఉన్నది. నేనైతె నీ మాట సగం నమ్మిన. నీళ్లు తాగిన బస్తల శెనగలు మొలకెత్తవు, మురుగుతయి. — విశ్వేశ్వర్)


మద్రాసు,
16 జనవరి 1941

అత్తమ్మా,

దుర్గయ్య మామ నాకు ఏమీ రాయించలేదు. ఆయన ఆశకొద్దీ అన్న మాట, నేను వేరు చూసి అన్న మాట ఒకటే అయ్యాయి. అంతే.

వంతు వదిలితే తిరిగి రాదన్న కట్టు నాకు తెలియదు. తెలిసి ఉంటే అంత తేలిగ్గా రాసేదాన్ని కాదు. దానికి నన్ను తిట్టు. కానీ వేరు సంగతి మాత్రం వెనక్కి తీసుకోను. ఆ బండ మీదనుంచి నువ్వు లేచావా, నేను ఈ మాట మీదనుంచి లేవడానికి?

నన్ను నమ్మొద్దు. నేలనే అడుగు. తాంబూలం సున్నం నీళ్లలో కలిపి కదపకుండా ఉంచితే పైకి తేట తేలుతుంది. దాన్ని గుడ్డలో వడకట్టి మూత పెట్టు, లేకపోతే బయటి గాలికే మీగడ కడుతుంది. రెండు ప్రమిదల్లో ఆ తేట పోసి, ఒకటి పల్లం మడిలో నీళ్లు లేని చోట బురద మీద, ఒకటి గట్టు పొంటి నేల మీద పెట్టు. ఒక్కోదాని మీద ముంత బోర్లించి అంచును మట్టిలోకి అదుము. పొద్దున పెట్టి సాయంత్రం ఎత్తు. ఏది తెల్లబడిందో చూడు. రెండూ ఒకేలా ఉంటే నా చదువు దండగ అని రాయించు, ఒప్పుకుంటాను.

నిన్న క్లాసులో అందరి ముందు మన పల్లం మడి గురించి మాట్లాడాను.

నీవు తిట్టినా నీదైన
రాజమణి


మాదన్నపేట,
30 జనవరి 1941

రాజమణీ,

నీ సున్నపుతేట నా కొంప ముంచింది.

పొద్దుగాల రెండు ముంతలు బోర్లిచ్చిన. దుర్గయ్య పెండ్లాం చూసింది. "వాటి కింద ఏందక్కా?" అన్నది. "సున్నం" అన్న. గంతె. జరసేపట్ల చుట్టుపక్కల మడులోళ్లంత వచ్చిండ్రు. దుర్గయ్య ఒర్రవట్టిండు, "బాణామతి! అందుకే నా బర్రె పాలు తగ్గినయ్!" నేనన్న, "తౌడు పెడితె ఇస్తది. ఒక్కపాలి పెట్టి చూడు." కొందరు నవ్విండ్రు గని ముంతల దగ్గరికి ఒక్కడు రాలే. మల్లన్న దూరం నిలవడి, "అక్కా, ఇది తేలేదాంక నీ మడికి నీళ్లు మళ్లియ్య. నాకు పిల్లలున్నరు" అన్నడు.

మొన్నటి వంతు పోయింది బిడ్డా. ఇన్నేండ్లల్ల మొదటిది.

నువ్వు కోరినట్టె అయింది గదా. నీళ్లు వద్దన్నవు. ఇగ చుక్క పొయ్య. పల్లానికి పొయ్య, గట్టుకు పొయ్య, కుండతోని సుత తేను. మార్కెట్ల నా గంప దగ్గరికి వచ్చేటోళ్లు జర దూరం జరిగి బేరం చేస్తున్నరు. దబీర్‌పురా దర్వాజా కాడి బీబమ్మ ఒక్కతే ఎప్పటి లెక్క వచ్చి, "ఏం బుచ్చమ్మా, జాదూ నేర్చినవంట, మా ఆయన బీడీ మానిపియ్యి" అని నవ్వి పోయింది.

బుచ్చమ్మ

(రాజమణీ, ఆమె చెప్పకున్నా నేను రాస్తున్న. సాయంత్రం ముంతలు తనే ఎత్తింది. పల్లం ప్రమిద అద్దం లెక్క తేటగున్నది. గట్టు ప్రమిద మజ్జిగ లెక్క తెల్లగున్నది. రెండు తెచ్చి నా ముంగట పెట్టింది. — విశ్వేశ్వర్)


మద్రాసు,
8 ఫిబ్రవరి 1941

అత్తమ్మా,

నా మూలంగా నీ వంతు పోయింది. చదివి ఏడ్చాను. ఏడ్చిన తర్వాత లేబరేటరీకి వెళ్లాను.

(సేటుగారూ, ఈ వాక్యం పైకి చదవకండి: మీరు రాసిన ప్రమిదల సంగతికి మీకు నా నమస్కారం.)

బాణామతి కాదని చెబితే ఎవరూ వినరు. చూపించాలి. బొప్పాయి ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది. రెండు చివరలూ కోసి, ఒక చివర సున్నపుతేటలో ముంచి ఊదితే, మన ఊపిరికి కూడా ఆ తేట తెల్లబడుతుంది. దానికి మనిషి ఊపిరీ నేల ఊపిరీ ఒకటే. నేనూ గుంటూరు పిల్లా ఊది చూశాం. పీల్చకూడదు, నోరు పొక్కుతుంది. అందరినీ పిలువు. ముంతలు మళ్లీ వాళ్ల ముందే పెట్టు, వాళ్ల ముందే ఎత్తు. కాడ మాత్రం దుర్గయ్య మామ చేతికివ్వు. నువ్వు ఊదితే మంత్రం అంటారు.

పల్లం మడి చివర గట్టు తెంపి, నిలిచిన నీళ్లను కాల్వలోకి పోనివ్వు. మట్టిని పిడికిట్లో పట్టి చూస్తూ ఉండు. నీరు కారితే ముట్టుకోకు. ముద్దయి, వేలితో పొడిస్తే విచ్చుకుంటే, అప్పుడు పైపొర మెల్లగా గుల్ల చెయ్యి. గాలి లోపలికి పోతుంది.

మార్చిలో పరీక్షలు. ఉగాదికి రాలేను. నేను వచ్చేదాకా ఆగకు.

నీ మీద నమ్మకంతో
రాజమణి


మాదన్నపేట,
27 ఫిబ్రవరి 1941

బిడ్డా,

పిలిచిన. తమాషా అంటె రారా, అందరు వచ్చిండ్రు. మల్లన్న వచ్చిండు. సేటు కొట్టు మూసి వచ్చిండు. పొద్దుగాల వాళ్ల ముంగట ముంతలు పెట్టి, పొద్దుగూకేటాలకు మళ్ల రమ్మని, వాళ్ల ముంగటనే ఎత్తిన.

ఏమైందో ఎరుకేనా? పోయినసారి తేటగున్న పల్లం ప్రమిద ఇప్పుడు తెల్లగైంది. పోయినసారి తెల్లగైన గట్టు ప్రమిద ఇప్పుడు తేటగనే ఉన్నది! ఇట్ల అయితదని నువ్వు రాయలే.

దుర్గయ్య ఎగిరిండు. "చూసిండ్రా, పూటకో రంగు! బాణామతి గాక ఏంది?"

నేను కాడ తీసిన. "ఊదు" అన్న.

"నేనెందుకు ఊదాలె?"

"ఏం, నీ నోట్ల దయ్యముందా?"

మల్లన్న నవ్విండు. ఇగ మొగోడు గదా, బుగ్గలు ఉబ్బిచ్చి ఊదిండు. ఊదంగ ఊదంగ తేట పాలైంది. వాని పెండ్లామే కిసుక్కున నవ్వి, "బాణామతి నీ కడుపులనే ఉన్నది పో" అన్నది. తర్వాత సేటు ఊదిండు, మల్లన్న ఊదిండు. ఆఖరుకు కాడ కోసం కొట్లాట. (నాకు దగ్గు వచ్చింది. అయినా తెల్లగైంది. — విశ్వేశ్వర్)

మల్లన్న అన్నడు, "అక్కా, రేపటి కెల్లి నీ వంతు నీకిస్త. గని మొదటి వంతు దుర్గయ్యకు పోయింది. నీది ఆఖరుది." ఆఖరుదైనా నాదే అన్న.

తెల్లారి నీళ్లు వచ్చినయ్. గట్టు పొంటి నేల నెర్రెలు వాసింది. కోపానికి చుక్క పొయ్యలే గదా, మంచి మొక్కలు సుత వాడినయ్. నువ్వన్నట్టు గట్టు తెంపి నీళ్లు వదిలిన గదా, పల్లం మట్టి మాత్రం పిడికిట్ల ముద్దయి, పొడిస్తె విచ్చుకున్నది. పల్లం మడిలకు నీళ్లు పోయే మూతి మట్టితోని మూసిన. గట్టుకే పెట్టిన, తడిసేదాంక పెట్టిన. ఇంక నీళ్లు వస్తనే ఉన్నయ్. దుర్గయ్య చూస్తున్నడు. "తీసుకో" అన్న. "ఇది విడిచింది గాదు. నా వంతుల కెల్లి నేను ఇస్తున్న. మల్లన్నా, విన్నవా?" అందరి ముంగట "విన్నక్కా" అన్నడు మల్లన్న. ఈ మాట ఆ కుంట మీద ఇంతకుముందు ఎవ్వరు అనలే.

పల్లంల సగం మొక్కలు పోయినయ్, పీకేసిన. ఉన్నవాటికి కొత్త వేర్లు, తెల్లగ, దారం లెక్క.

గని ఆ గట్టు ప్రమిద ఎందుకు తేటగున్నది? నీ మాట అబద్ధమైందా, నిజమైందా? నాకు తెల్వాలె.

మీ అత్త
బుచ్చమ్మ


మద్రాసు,
8 మార్చి 1941

అత్తమ్మా,

నేను మూడో కుండీ పెట్టి ఉండాల్సింది. ఎండు మట్టిది. నీ ఉత్తరం చదివాక పెట్టాను. దాని గిన్నె కూడా తేటగానే ఉంది.

నీళ్లు ఎక్కువైతే నేలకు ఊపిరాడదు. నీళ్లు బొత్తిగా లేకపోతే మట్టిలోని జీవాలు నిద్రపోతాయి, వేరు ఆగిపోతుంది, ఊపిరి సన్నగిల్లుతుంది. రెండింటికీ మధ్య తడి ఒకటి ఉంది. అక్కడే నేల నిండుగా ఊపిరి తీస్తుంది, అక్కడే వేరు సాగుతుంది. మొదటిసారి ముంతలు పెట్టినప్పుడు ఆ తడి గట్టు దగ్గర ఉంది. రెండోసారికి పల్లానికి వచ్చింది. నా మాట సగమే నిజం. మిగతా సగం నీ కోపం చూపించింది. చుక్క కూడా పొయ్యనన్నది కోపంలో అన్నావనుకున్నాను. నిజంగానే మానేస్తావని నాకు తెలిసి ఉండాలి, నిన్ను ఎరగనిదాన్నా!

గట్టుకు నీళ్లు పెట్టి పల్లం మూతి మూసింది సరైన పని. అలాగే చెయ్యి. ఏ మడి అడిగితే ఆ మడికి పెట్టు.

ఎల్లుండి మొదటి పరీక్ష.

రాజమణి


మాదన్నపేట,
31 మార్చి 1941

బిడ్డా రాజమణీ,

ఉగాది అయింది. మున్షీ వచ్చిండు, ముక్కుకు రుమాలు పెట్టుకోని. తోట చుట్టు తిరిగి, "బుచ్చమ్మా, ఆధా తో ఖాలీ హై" అన్నడు.

"సగం ఖాలీ నిజమే సాబ్. ఉన్న సగం చూడున్రి" అన్న.

కాయలు పట్టిన మొక్క ఒకటి పీకిన. పీకుతుంటె పానం గుంజినట్టైంది. గని ఆకు చూసి పోతడు, కాయ చూసి పోతడు, వేరు ఎవడు చూస్తడు? వాని చేతుల పెట్టిన. మట్టి వట్టుకోని, తెల్లగ, ఇంతింత పొడుగు వేర్లు. "ఎట్ల కుదిరింది?" అన్నడు. "నా మేనకోడలు మద్రాసుల చదువుతది" అన్న. "ఆడపిల్లనా?" అన్నడు. "మరి మేనకోడలంటె మొగపిల్లగాడైతడా సాబ్?" అన్న. మల్లన్న దగ్గినట్టు చేసి అటు తిరిగిండు.

అయినా మున్షీ దుర్గయ్యను పిలిచిండు. "తీసుకుంటవా ఈ తోట?" అని నా ముంగటనే అడిగిండు. దుర్గయ్య "తీసుకుంట సాబ్" అన్నడు. ఏం సంకోచం లేదు వానికి. మున్షీ అట్లనే నడుసుకుంట వాని ఉల్లి మడిలకు పోయిండు. మొదటి వంతు ఇప్పుడు వానిదే గదా, నా లెక్కనే గట్టు తాకేదాంక నింపిండు. ఉల్లి ఆకు పండువారింది. ఒక గడ్డ గుంజితె మెత్తగ వచ్చింది. మున్షీ రుమాలు మళ్ల ముక్కుకు పెట్టుకుండు. "పహ్లే అప్నా సంభాల్" అన్నడు వానితోని, ముందుగాల నీది నువ్వు చూసుకొమ్మని. నా దిక్కు తిరిగి, "ఏక్ సాల్ ఔర్, బుచ్చమ్మా" అన్నడు.

ఇంకో యేడు. ఖాలీ అయిన సగం నిండాలె, లేకుంటె మళ్ల ఇదే లొల్లి. నిండుతది. పల్లం కాడ కాల్వ లోతు చేసుడు ఇయ్యాలనే మొదలువెట్టిన.

ఇప్పుడు దుర్గయ్య సేటు కొట్టు బయట నిలవడ్డడు. ఉల్లికి ఏం చెయ్యాలెనో నీకు రాయించమంటున్నడు. "తోట గుంజుకుంటనన్న నోటితోనే అడుగుతున్నవా?" అన్న. "అడిగితె తప్పేందక్కా, తోటైతె ఇయ్యకపోతివి గదా" అన్నడు. సిగ్గు లేదు వానికి. గని ఉల్లి ఏం చేసింది, కుళ్లనియ్యబుద్ధి గాలే.

రాయి బిడ్డా, వివరంగ రాయి. జవాబు మాత్రం నా పేరుకు రాయి, వానికి రాయకు. వానికి నేను చెప్త.

మీ అత్త
బుచ్చమ్మ